బిడ్డ బాధ్యత రాష్ట్రానిది కూడా: ఫ్రాంక్ లాంటర్‌మన్ చేసిన చట్టం

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, శాన్ హోసే, శాన్ రమోన్ వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎదుగుదల లోపమున్న బిడ్డ ఉన్న ఇంట్లో ‘రీజనల్ సెంటర్’ అన్నది రోజూ వినబడే మాట. రెండేళ్ళు నిండినా పిల్లవాడికి మాటలు రావు. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు. తల్లిదండ్రులు కంగారుపడుతుంటే పిల్లల డాక్టరో, ఆ దారిలో ముందు నడిచిన ఇంకో తల్లో చెప్పే మొదటి సలహా ఒకటే: ముందు రీజనల్ సెంటర్‌కి ఫోన్ చెయ్యండి. ఫోన్ చేస్తే మనిషి వస్తారు, పిల్లవాడితో నేల మీద కూచుని ఆడతారు, గమనించినవి రాసుకుంటారు. అర్హత ఉందని తేలితే స్పీచ్ థెరపీ లాంటివి మొదలవుతాయి. అమ్మానాన్నల వీసా ఏదన్నది దీనికి అడ్డు కాదు, ఆ రాష్ట్రంలో నివాసం ఉంటే చాలు. బిడ్డకు ఉన్నది జీవితకాలపు వైకల్యమైతే, ఆ బిడ్డ పెరిగి పెద్దయి ముసలివాడయ్యే దాకా ఆ సెంటర్‌తో సంబంధం తెగదు.

ఈ ఏర్పాటు ఎవరో దయతలిచి నడుపుతున్న పథకం కాదు. దీని వెనక 1969లో మొదలైన ఒక చట్టం ఉంది. దాన్ని అక్కడివాళ్ళు ‘లాంటర్‌మన్ యాక్ట్’ అంటారు. ఫ్రాంక్ లాంటర్‌మన్ కాలిఫోర్నియా అసెంబ్లీలో 1951 నుంచి 1978 దాకా వరసగా 28 ఏళ్ళు ఉన్న సభ్యుడు. మన లెక్కలో ఎమ్మెల్యే. గవర్నరు కాలేదు, వాషింగ్టన్‌కు వెళ్ళలేదు. ఒక రాష్ట్ర శాసనసభ్యుడు తన కుర్చీలోనే కూచుని ఎంత దూరం వెళ్ళగలడో తెలుసుకోవడానికి ఆయన జీవితం మంచి ఉదాహరణ. ఆయన చేసిన పనుల్లో ఒకటి గొప్పగా నిలబడింది, ఇంకొకటి సగంలో ఆగి చాలామందికి కష్టం తెచ్చింది. రెండూ చెప్పుకోవాలి.

లాంటర్‌మన్ 1901లో పుట్టారు. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన కొండల కింద ఉన్న లా కన్యాడా వారి ఊరు. ఆ నేలను కొని ఊరుగా నిలబెట్టిన ఇద్దరిలో ఆయన తాత జేకబ్ ఒకరు. తండ్రి రాయ్ డాక్టరు. ఫ్రాంక్ మాత్రం సంగీతం వైపు వెళ్ళారు. మూకీ సినిమాల రోజుల్లో తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన పెద్ద పైప్ ఆర్గన్ మీద సంగీతం వాయించేవాళ్ళు ఉండేవారు. ఆయన అలాంటి కళాకారుడు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ దాకా వెళ్ళి వాయించి వచ్చారు. టాకీలు రావడంతో ఆ వృత్తే లేకుండా పోయింది. అయినా ఆ మోజు పోలేదు. 1963లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఫాక్స్ థియేటర్‌ను పడగొడుతుంటే, అందులోని నాలుగు వరసల మెట్ల వుర్లిట్జర్ ఆర్గన్‌ను కొని, తండ్రి 1915లో కట్టించిన కాంక్రీటు ఇంటికి చేర్చుకున్నారు. ఆ ఆర్గన్ ఇప్పుడు హాలీవుడ్‌లో ఎల్ కాపిటన్ థియేటర్లో ఉంది, ఇంకా మోగుతోంది.

ఆయన రాజకీయాల్లోకి వచ్చింది మంచినీళ్ళ కోసం. లా కన్యాడా ప్రాంతంలో బావులు అడుగంటుతున్నాయి. బయటి నుంచి నీళ్ళు తెచ్చుకోవాలంటే చట్టపరమైన ఏర్పాటు కావాలి. 1950లో రిపబ్లికన్ పార్టీ తరఫున గెలిచి అసెంబ్లీకి వెళ్ళారు. 1952లో ఆ ప్రాంతానికి ఫుట్‌హిల్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. వెళ్ళిన పని అయిపోయినా ఆయన వెనక్కి రాలేదు. రాష్ట్ర బడ్జెట్‌ను పద్దు పద్దుగా పరీక్షించే వేస్ అండ్ మీన్స్ కమిటీలో ఏళ్ళ తరబడి పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. రాష్ట్ర రాజధాని సాక్రమెంటోలో అందరికీ ‘అంకుల్ ఫ్రాంక్’. ప్రభుత్వం డబ్బు పొదుపుగా వాడాలని నమ్మే సంప్రదాయవాది. ఆ స్వభావం ఉన్న మనిషి చేతుల మీదుగానే, ఖర్చుకు ముందుగా గీత గీయని ఒక హక్కు చట్టంలోకి ఎక్కింది. ఆయనలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఇదే.

ఆ చట్టం విలువ తెలియాలంటే దానికి ముందు పరిస్థితి చూడాలి. 1960ల దాకా కాలిఫోర్నియాలో బుద్ధిమాంద్యమున్న బిడ్డను కన్న తల్లిదండ్రులకు రెండే దారులు. ఏ సాయమూ లేకుండా ఇంట్లోనే పెంచుకోవడం ఒకటి, ప్రభుత్వం నడిపే పెద్ద ఆస్పత్రిలో వదిలిపెట్టడం రెండోది. బడి ఈ పిల్లల్ని చేర్చుకోనంటే అడిగే దిక్కు లేదు. వైకల్యమున్న ప్రతి బిడ్డకూ బడిలో చోటివ్వాలన్న అమెరికా కేంద్ర చట్టం 1975లో గానీ రాలేదు. పొమోనాలో పసిఫిక్ స్టేట్ హాస్పిటల్, ఉత్తరాన సొనోమా స్టేట్ హాస్పిటల్ లాంటి చోట్ల మొత్తం 13,000 మందికి పైగా ఉండేవారు. ఇంకో 3,000 మంది ఖాళీ కోసం ఎదురుచూసే జాబితాలో ఉండేవారు. పేరుకు ఆస్పత్రి అయినా అక్కడ ఉన్నవాళ్ళు రోగులు కారు. జ్వరమొచ్చి చేరి, తగ్గాక ఇంటికి వెళ్ళేవాళ్ళు కారు. చిన్నప్పుడు లోపలికి వెళ్ళి, అక్కడే పెరిగి, అక్కడే కన్నుమూసినవాళ్ళు ఎందరో. పుట్టగానే ‘ఈ బిడ్డను మర్చిపొండి, ఇంకొకర్ని కనండి’ అన్న ధోరణిలో డాక్టర్లు సలహా ఇచ్చే కాలం అది.

దాన్ని మొదట కదిలించింది తల్లిదండ్రులే. 1950ల నుంచి వాళ్ళు ఊరూరా సంఘాలు పెట్టుకుని, చందాలతో తామే చిన్న బడులు నడుపుకుంటూ, మరోపక్క శాసనసభ్యుల గదుల ముందు నిలబడ్డారు. 1963లో అధ్యక్షుడు కెనెడీ ఈ విషయం మీద అమెరికా కాంగ్రెస్‌కు ప్రత్యేక సందేశం పంపారు. ఆయన చెల్లెలు రోజ్‌మేరీకి ఇలాంటి వైకల్యమే ఉండేది కాబట్టి ఆ బాధ వాళ్ళింట్లోనూ ఉన్నదే. కాలిఫోర్నియా ఒక అధ్యయన సంఘాన్ని వేసింది. 1965లో జెరోమ్ వాల్డీ అనే డెమోక్రాట్ సభ్యుడి బిల్లుతో ప్రయోగంగా రెండు రీజనల్ సెంటర్లకు అనుమతి వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో పిల్లల ఆస్పత్రి ఆధ్వర్యాన ఒకటి, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకటి 1966లో తెరుచుకున్నాయి. అంతవరకూ కుటుంబం బిడ్డను తీసుకుని ఆస్పత్రి దగ్గరకు వెళ్ళేది. ఇకమీదట ఆ సెంటర్ బిడ్డ ఉన్న ఊళ్ళోనే అవసరమైన సేవను వెతికి, ప్రభుత్వం డబ్బుతో కొనిపెడుతుంది. మిగతాదంతా ఈ ఒక్క మార్పు మీద లేచి నిలబడింది.

రెండు సెంటర్ల ప్రయోగాన్ని రాష్ట్రమంతటికీ పరిచే చట్టం 1969లో లాంటర్‌మన్ తెచ్చారు. గవర్నరు రొనాల్డ్ రేగన్ సంతకం చేశారు. మొదట అది బుద్ధిమాంద్యానికే పరిమితం. 1970లలో విడతలుగా సెరెబ్రల్ పాల్సీని, మూర్ఛను, ఆటిజాన్ని కలిపారు. వీటికి దగ్గరగా ఉండి అలాంటి సాయమే అవసరమయ్యే ఇతర స్థితులకు కూడా చోటు పెట్టారు. 18 ఏళ్ళ లోపు మొదలైనదై, జీవితాంతం ఉండేదై, రోజువారీ బతుకుకు గట్టిగా అడ్డుపడేదైతే ఆ చట్టం కిందికి వస్తుంది. ఇప్పుడు రాష్ట్రంలో 21 రీజనల్ సెంటర్లున్నాయి. నాలుగు లక్షలకు పైగా మందికి సేవలు అందుతున్నాయి.

ఈ సెంటర్లు ప్రభుత్వ కార్యాలయాలు కావు. ఒక్కొక్కటీ లాభాపేక్ష లేని ప్రత్యేక సంస్థ. ఈ సేవలు చూసే రాష్ట్ర శాఖతో ఒప్పందం చేసుకుని తన ప్రాంతాన్ని చూసుకుంటుంది. దాని పాలకమండలిలో వైకల్యమున్నవాళ్ళకు, వాళ్ళ కుటుంబాలకు చోటు తప్పనిసరి. సెంటర్ తానే థెరపీ చేయదు. చేసేవాళ్ళను వెతికి, ఒప్పందం కుదిర్చి, డబ్బు కడుతుంది. బడి ఇవ్వాల్సినది బడి ఇవ్వాలి, బీమా కట్టాల్సినది బీమా కట్టాలి, ఆ తర్వాత మిగిలిన ఖాళీని సెంటర్ పూడుస్తుంది. చాలా ఇళ్ళలో చిక్కులు వచ్చేది ఇక్కడే. మీ ఇన్సూరెన్స్ కంపెనీని అడగండని సెంటర్ అంటుంది, స్కూల్ డిస్ట్రిక్ట్‌ను అడగండని కంపెనీ అంటుంది. మధ్యలో తల్లి ఫైళ్ళు మోసుకుని తిరుగుతుంటుంది.

కనీసం మూడేళ్ళకోసారి, అవసరాన్ని బట్టి ఇంకా ముందుగానే ఒక సమావేశం జరుగుతుంది. చాలాసార్లు అది ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గరే. సెంటర్ నుంచి సర్వీస్ కోఆర్డినేటర్ వస్తారు. అమ్మ, నాన్న, ఇండియా నుంచి వచ్చి ఉంటే అమ్మమ్మ కూడా కూచుంటారు. బిడ్డకు ఏది ఇష్టం, ఏది చేతకావడం లేదు, ఇకముందు ఏం సాధించాలి అని మాట్లాడుకుంటారు. లక్ష్యాలు గొప్ప మాటల్లో ఉండవు. తన పళ్ళు తానే తోముకోవడం, ఆకలేస్తే బొమ్మ చూపించి అడగడం, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి వదలకపోవడం. ఒక్కో లక్ష్యానికి ఏ సేవ, వారానికి ఎన్ని గంటలు, ఎవరు ఇస్తారు అన్నది రాస్తారు. రాత్రింబవళ్ళు బిడ్డను కనిపెట్టుకునే తల్లికి కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి దొరకాలని, కొన్ని గంటలు వేరే మనిషిని పంపే ‘రెస్పైట్’ కూడా అందులో ఉంటుంది. చివర సంతకాలు చేస్తారు. ఆ కాగితాన్ని ఐపీపీ అంటారు. అందులో రాసినదాన్ని సెంటర్ ఇచ్చి తీరాలి.

ఇవ్వకపోతే? కోత పెట్టాలన్నా, అడిగినదాన్ని కాదనాలన్నా సెంటర్ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఎందుకు కాదంటోందో, ఏ నిబంధన ప్రకారమో అందులో చెప్పాలి. కుటుంబం అప్పీలు చేసుకోవచ్చు, సెంటర్‌తో సంబంధం లేని న్యాయాధికారి వింటారు. ఇంగ్లీషు ధారాళంగా రాకపోతే దుభాషిని అడగవచ్చు. అప్పటికే అందుతున్న సేవను తీసేస్తున్నారనుకోండి, గడువులోగా అప్పీలు చేస్తే అది తేలేదాకా సేవ ఆగదు. కొత్తగా దరఖాస్తు చేసినవాళ్ళకూ గడువులున్నాయి: మూడేళ్ళు దాటినవాళ్ళ విషయంలో మొదటి పరిశీలన 15 పనిదినాల్లో, అవసరమైతే పూర్తి పరీక్ష 120 రోజుల్లో ముగించాలి. మూడేళ్ళలోపు పసివాళ్ళకు తర్వాత వచ్చిన ‘ఎర్లీ స్టార్ట్’ అనే ఏర్పాటు వేరే ఉంది. అదీ చాలామందికి ఈ గుమ్మంలోనే దొరుకుతుంది, దానికి 45 రోజుల గడువు. వినడానికి గుమాస్తా వ్యవహారంలా ఉండే ఈ గడువులు, నోటీసులే నా దృష్టిలో ఈ చట్టానికి వెన్నెముక. పెద్ద మాటలు ఏ చట్టం పీఠికలోనైనా ఉంటాయి. కాదన్నప్పుడు కాగితం మీద కాదనాల్సి రావడం మాత్రం అన్ని చట్టాల్లో ఉండదు.

ఇంతకీ ఇది నిజంగా హక్కేనా, బడ్జెట్ బాగున్నప్పుడు ఇచ్చే సాయమా? ఆ ప్రశ్న లాంటర్‌మన్ పోయాక కోర్టుకెక్కింది. ఆయన 1978లో సభ నుంచి తప్పుకుని 1981లో కన్నుమూశారు. 1980ల మొదట్లో రాష్ట్ర ఖజానా ఇబ్బందుల్లో పడింది. ఏ సేవలు కొనాలో, ఏవి కొనకూడదో రీజనల్ సెంటర్లకు ఆదేశిస్తూ రాష్ట్ర శాఖ కోతలు మొదలుపెట్టింది. తల్లిదండ్రుల సంఘం కోర్టుకు వెళ్ళింది. 1985లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఈ చట్టం వైకల్యమున్న వ్యక్తికి సేవల మీద హక్కు ఇచ్చింది, రాష్ట్రం మీద బాధ్యత పెట్టింది. ఎవరికి ఏం కావాలో ఆ మనిషి కోసం రాసుకున్న ప్రణాళిక నిర్ణయించాలి తప్ప పైనుంచి వచ్చే సర్క్యులర్ కాదు. డబ్బు చాలకపోతే అధికారులు ఆ సంగతి శాసనసభకు చెప్పాలి. ఇంకా డబ్బు ఇవ్వాలా, చట్టాన్నే మార్చాలా అన్నది సభ బహిరంగంగా తేల్చుకోవాలి. అంతేగాని గుమ్మంలో నిలబడ్డ తల్లికి నిధులు లేవని చెప్పి పంపకూడదు.

బడ్జెట్ కమిటీలో పండిన శాసనసభ్యుడికి ఆ తేడా బాగా తెలుసు. ఏటా కేటాయించే గ్రాంటు అయితే ఏ ఏడాదైనా చప్పుడు లేకుండా తగ్గించవచ్చు. చట్టంలో బాధ్యతగా రాసింది తగ్గించాలంటే సభలో నిలబడి, పేరు పెట్టి ఓటు వేయాలి. అలా ఓటు వేసిన రోజులూ ఉన్నాయి. 2009 ఆర్థిక సంక్షోభంలో సభ చట్టాన్నే మార్చి వేసవి శిబిరాలు, ఆటపాటల లాంటి సేవలను నిలిపేసింది, రెస్పైట్ గంటలకు పరిమితి పెట్టింది. రెస్పైట్ పరిమితి 2018లో పోయింది. ఆటపాటల సేవలు తిరిగి రావడానికి 2021 దాకా పట్టింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఆగిన శిబిరం అతనికి ఇరవై ఏళ్ళు వచ్చాక తెరుచుకుంది. హక్కు ఉన్నా కోత పడుతుంది. అయితే ఎవరు కోశారో అందరికీ కనబడుతుంది.

ఇక రెండో చట్టం. లాంటర్‌మన్ పేరు చెప్పగానే కాలిఫోర్నియాలో చాలామందికి గుర్తొచ్చేది 1967 నాటి లాంటర్‌మన్–పెట్రిస్–షార్ట్ చట్టం. ఇది మానసిక రోగుల గురించి. నికొలస్ పెట్రిస్, అలన్ షార్ట్ ఇద్దరూ డెమోక్రాట్ సెనేటర్లు. అప్పటిదాకా ఇంట్లోవాళ్ళో, మరొకరో ఫిర్యాదు చేస్తే ఒక మనిషిని నిరవధికంగా పిచ్చాసుపత్రిలో పెట్టే అధికారం కోర్టుకు ఉండేది. అసెంబ్లీ కమిటీ 1966లో చేసిన పరిశీలనలో ఆ కోర్టు విచారణలు సగటున ఐదు నిమిషాలు కూడా జరగడం లేదని తేలింది. ఐదు నిమిషాల్లోపు ఒక మనిషి స్వేచ్ఛ, ఆస్తి మీద అధికారం పోయేవి.

కొత్త చట్టం దానికి హద్దులు గీసింది. తనకో, ఇతరులకో ప్రమాదం తెచ్చే స్థితిలో ఉంటేనో, జబ్బు వల్ల తిండి, బట్ట, నీడ సమకూర్చుకోలేకపోతేనో బలవంతంగా ఆస్పత్రిలో ఉంచవచ్చు. అదీ మొదట 72 గంటలే. డాక్టర్లు అవసరమంటే ఇంకో 14 రోజులు. ఆపైన ప్రతి మెట్టు దగ్గరా కారణం చూపాలి, రోగి కోర్టును ఆశ్రయించవచ్చు. తిండీనీడా చూసుకోలేనివాళ్ళకు కోర్టు సంరక్షకుణ్ణి నియమించినా అది ఏడాదికే, మళ్ళీ పరీక్షించాలి. మనిషి హక్కుల పరంగా చూస్తే ఇది పెద్ద అడుగు. అమెరికాలో చాలా రాష్ట్రాలు దీన్ని చూసి తమ చట్టాలు మార్చుకున్నాయి.

అయితే ఆస్పత్రి తలుపు తెరిచాక బయట ఏముంది? ఊళ్ళోనే వైద్యం, ఉండటానికి చోటు కౌంటీలు ఏర్పాటు చేస్తాయని, ఆ ఖర్చులో 90 శాతం రాష్ట్రం భరిస్తుందని చట్టం భావన. ఆ ఏర్పాట్లు చాలినంతగా రాలేదు. ఆస్పత్రుల్లో మిగిలిన డబ్బు రోగుల వెంట ఊళ్ళకు పూర్తిగా వెళ్ళలేదు. శాన్ హోసే దగ్గర ఆగ్న్యూస్ ఆస్పత్రి 1970ల మొదట్లో మానసిక రోగుల్ని బయటికి పంపినప్పుడు, వాళ్ళలో ఎందరో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ చుట్టూ ఉన్న అద్దె గదుల్లో, సరైన ఆలనాపాలనా లేకుండా గుమిగూడారు. 1973లో రేగన్ ప్రభుత్వం రాష్ట్ర మానసిక ఆస్పత్రులను దశలవారీగా మూసేసే ఆలోచన బయటపెడితే శాసనసభ అడ్డుపడింది. 1974 మొదట్లో ఆ విషయంలో గవర్నరు వీటోను కూడా తోసిపుచ్చింది. ఈ రోజు లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో కాలిబాటల మీద డేరాల్లో బతుకుతున్నవాళ్ళను చూసి ‘ఇదంతా ఆ చట్టం వల్లే’ అనేవాళ్ళున్నారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. రాష్ట్ర ఆస్పత్రుల్లో రోగుల సంఖ్య 1959లో 37,000 దాటి ఉండగా, ఈ చట్టం వచ్చేనాటికే దాదాపు 22,000కు పడిపోయింది. కొత్త మందులు, అంతకుముందు వచ్చిన చట్టాలు ఆ పని మొదలుపెట్టాయి. అలాగని నింద పూర్తిగా కొట్టిపారేసేదీ కాదు. 2023లో సభ ఆ చట్టంలోని నిర్వచనాలను మార్చి, బలవంతపు వైద్యానికి దారి కొంత వెడల్పు చేసింది. ఆ చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

ఒకే మనిషి రెండేళ్ళ తేడాలో తెచ్చిన రెండు చట్టాల్లో ఒకటి నిలబడి, ఇంకొకటి కుంటుపడింది ఎందుకు? నాకు తోచిన జవాబు ఇది. మానసిక రోగుల చట్టం ప్రభుత్వం ఏం చేయకూడదో స్పష్టంగా రాసింది. ఏం చేసి తీరాలో అంత స్పష్టంగా రాయలేదు. వైద్యం అందకపోతే కోర్టుకు వెళ్ళి అడగగల హక్కు రోగికి రాలేదు. వైకల్యాల చట్టంలో ఆ హక్కు ఉంది. పైగా దాని వెనక తల్లిదండ్రులున్నారు. బిడ్డ బతికినంతకాలం వదలకుండా సాక్రమెంటోకు తిరిగే సైన్యం అది. మానసిక రోగుల వైపు నిలబడి అంతగా తిరిగేవాళ్ళు అప్పుడు లేరు.

వైకల్యాల వైపు ఆస్పత్రుల తలుపులు మూసింది నెమ్మదిగా, చూసుకుంటూ. 1979లో లాంటర్‌మన్ పేరు పెట్టిన పొమోనా సంస్థ 2014 డిసెంబరులో మూతపడింది. ఆయన చట్టం ఊళ్ళో బతికే దారి చూపించింది కాబట్టే ఆయన పేరున్న సంస్థ ఖాళీ అయింది. సొనోమా 2018లో మూతపడింది. ఆగ్న్యూస్‌లో వైకల్యమున్నవాళ్ళ విభాగం 2009లో మూసేటప్పుడు, వాళ్ళ కోసం బే ఏరియా ఊళ్ళలో మామూలు వీధుల్లో ఇళ్ళు ముందుగా సిద్ధం చేసి, ఒక్కొక్కరికీ ఏ ఇల్లు, ఏ నర్సు అని ప్రణాళిక రాసి పంపారు. ఆగ్న్యూస్ పాత ప్రాంగణంలో ఒక భాగం 1990లలో సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి, తర్వాత ఒరాకిల్ చేతికి వెళ్ళింది. ఖర్జూరపు చెట్ల మధ్య ఆ గడియార స్తంభం కింద ఎందరో తెలుగు ఇంజనీర్లు మధ్యాహ్నం భోజనం చేసి ఉంటారు. 1906 భూకంపంలో అక్కడి పిచ్చాసుపత్రి కూలి వందమందికి పైగా చనిపోయారు. ఆ ప్రాంగణంలో పనిచేసి, సాయంత్రం ఇంటికెళ్ళి కొడుకు ఐపీపీ సమావేశంలో కూచున్న తండ్రికి ఈ చరిత్ర రెండు వైపులా చుట్టమే.

అక్కడ అంతా సవ్యంగా ఉందనుకోవద్దు. సేవలకు రాసిన గంటలు కాగితం మీద ఉంటాయి, చేసే మనుషులు దొరకరు. జీతాలు తక్కువ కాబట్టి వచ్చినవాళ్ళు నిలవరు. ఏ వర్గం వాళ్ళ మీద సగటున ఎంత ఖర్చవుతోందో సెంటర్లు ఏటా బయటపెట్టాలి. ఆ లెక్కల్లో తెల్లవాళ్ళతో పోలిస్తే లాటినో, ఆసియా కుటుంబాలకు తక్కువ అందుతున్నట్టు ఏళ్ళ తరబడి కనబడుతోంది. అడగడం తెలిసినవాళ్ళకు ఎక్కువ దొరికే వ్యవస్థ ఇది. మనవాళ్ళు ఇక్కడే వెనకబడతారు. నలుగురికీ తెలిస్తే పిల్ల పెళ్ళికి అడ్డమని, ఇంకో రెండేళ్ళు చూద్దామని ఊరుకుంటారు. పసివయసులో పోయే రెండేళ్ళు మళ్ళీ రావు.

ఇక మన రాష్ట్రాలు. మన దగ్గర చట్టాలు లేవనలేం. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళ సంరక్షణ కోసం 1999లోనే నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. బుద్ధిమాంద్యం మీద జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్ ఉంటే పింఛను వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి అది నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016 రూపాయలు. పేద ఇంట్లో ఆ డబ్బు చిన్నది కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ పింఛను స్పీచ్ థెరపిస్టును ఇంటికి పంపదు. ఇరవై ఏళ్ళ కొడుకును ఎత్తి స్నానం చేయించే అరవై ఏళ్ళ తల్లికి వారానికి నాలుగు గంటల విశ్రాంతి ఇవ్వదు. నేను పోయాక వీడి గతేమిటన్న ప్రశ్నకు జవాబు చెప్పదు.

2016 చట్టంలో సామాజిక భద్రత గురించి చెప్పే 24వ సెక్షన్ తీసి చూడండి. ప్రభుత్వం తన ఆర్థిక స్తోమత, అభివృద్ధి పరిమితులకు లోబడి పథకాలు రూపొందించాలన్నది అందులోని సారాంశం. పునరావాసం గురించి చెప్పే 27వ సెక్షన్‌లోనూ అదే షరతు ఉంది. కాలిఫోర్నియా కోర్టు 1985లో ఒప్పుకోనిది సరిగ్గా ఇదే. స్తోమత లేదని చెప్పే అధికారం మన చట్టం ముందే ప్రభుత్వం చేతిలో పెట్టింది. అందుకే ఇక్కడ తల్లిదండ్రులు కోర్టుకెళ్ళినా, ఫలానా సేవ నా బిడ్డకు ఇచ్చి తీరాలని గట్టిగా నిలబడే చోటు ఇరుకు.

కాలిఫోర్నియా ఖజానా మనకు లేదు. అక్కడి గంటలు, అక్కడి ధరలు రేపే తెచ్చిపెట్టమంటే ఏ ప్రభుత్వమూ తేలేదు. అయితే లాంటర్‌మన్ చట్టంలో కొన్ని భాగాలకు పెద్ద డబ్బు అక్కర్లేదు. ఒక కుటుంబానికి పేరుపేరునా బాధ్యుడైన ఒక ఉద్యోగి, బిడ్డ అవసరాలు రాసిన ఒక ప్రణాళిక కాగితం, దరఖాస్తుకు గడువు, కాదంటే కారణం రాసిన నోటీసు, ఆ నోటీసు మీద అప్పీలు. ఇప్పుడు సదరం శిబిరం నుంచి వెనక్కి వచ్చేవాళ్ళలో ఎందరో తమకు శాతం ఎందుకు తక్కువ పడిందో తెలియకుండానే బస్సెక్కుతున్నారు.

ఇది ఢిల్లీ చేయాల్సిన పని అని మన శాసనసభ్యులు అనడానికి లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 9వ అంశం వికలాంగులకు, పని చేయలేనివారికి సాయం. దాని మీద చట్టం చేసే అధికారం నేరుగా అసెంబ్లీలది. కేంద్ర చట్టం కింద నియమాలు రాసుకునే అధికారాన్ని 2016 చట్టమే రాష్ట్రాలకు ఇచ్చింది. అమరావతిలో గానీ హైదరాబాద్‌లో గానీ ఒక్క సభ్యుడు, ఏ పార్టీ అయినా సరే, పై అయిదు విషయాలతో ఒక ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టవచ్చు. దానికి మంత్రి పదవి అక్కర్లేదు. లాంటర్‌మన్ 1969లో ఆ బిల్లు పెట్టేనాటికి సభలో 18 ఏళ్ళుగా ఉన్నారు, వయసు 67.